రెండో గేరు

గుర్ల అవతల మా ఎకరంన్నరలో
మొక్కజొన్న వేసిన రోజు
ట్రాక్టరు గంటకి పన్నెండొందలు.
దాలినాయుడు రెండో గేరులో పోతుంటే
గట్టు మీంచి నేనే అరిచాను:
"బేగి తోలు బావో, మీటరు తిరిగిపోతంది!"

మూడో గేరు పడింది.
గింజల పళ్లెం గిలగిలా తిరిగింది.
నాలుగొందలు మిగిలాయని
ఆ సాయంత్రం నాటుకోడి కోయించాను.

పదో రోజున మా అత్త తవిటమ్మ
చీపురుపుల్లని జానెడుకి విరిచి
సాలు పొడుగునా కొలుచుకుంటూ పోయింది.
ఒకచోట రెండు మొలకలు జుట్లు పట్టుకున్నాయి,
ఇంకోచోట మూడు జానల బోడి నేల.
అత్త ఏమీ అనలేదు.
పుల్ల నా చేతిలో పెట్టి
గేదెకి గడ్డి కోసుకోడానికి వెళ్లిపోయింది.

గరివిడి కాటా దగ్గర
నిరుటి మీద తొమ్మిది బస్తాలు తక్కువ.
బస్తా ఎంతో, తొమ్మిదంటే ఎంతో
నాకు లెక్కలొచ్చు. చెయ్యలేదు.

ఈ ఏడు మిషను వెనకాలే నడుస్తున్నాను,
వేలితో మన్ను గీరి చూసుకుంటూ.
గింజ. జానెడు. గింజ.
జానెడు.
దాలినాయుడు వెనక్కి తిరిగి నవ్వాడు:
"మీటరు తిరుగుతంది మరి!"

తిరగనీ.