మచ్చా, మెనీయా

బెర్హాలే హైస్కూల్లో తొమ్మిదో తరగతికి
పన్నెండో ప్రశ్న దగ్గర తగాదా.

హౌ ఖాళీ సాల్ట్ డూ యూ నీడ్?
ఖాళీలో మచ్ అని రాయాలి.
హుమద్ మెనీ అని రాశాడు
వెనక పేజీ మీద తేలేంత గట్టిగా నొక్కి.
ఎర్రగా గీత కొట్టాను.

లేచి నిలబడ్డాడు.
"టీచర్, మా నాన్న ఉప్పు లెక్కపెడతాడు."

చూడు బాబూ, అన్నాను,
నీళ్లు, గాలి, పిండి, ఉప్పు,
వీటిని కొలుస్తారు, తూస్తారు,
ఒకటి రెండు అని ఎంచరు.
మెకెలే కాలేజీలో నాకు చెప్పిన మాటే
పొల్లు పోకుండా అప్పజెప్పాను.
డబ్బు కూడా అంతే, అదీ లెక్కకు రాని నామవాచకమే
అన్నాను.

అక్కడ జారాను.
క్లాసంతా గొల్లుమంది.
బస్సుల దగ్గర టీ అమ్మే ఆవిడ కూతురు మదీనా
నోటికి ముసుగంచు అడ్డం పెట్టుకుని
"మరి మా అమ్మ రాత్రిళ్లు మూడేసి సార్లు
ఏం ఎంచుతుంది టీచర్?" అంది.

గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ఈ పుస్తకం ఏ దేశంలో రాశారో గాని
ప్రతి పాఠంలోనూ వాన పడుతుంది.
ఇట్ ఈజ్ రైనింగ్. ఆ ఇట్ ఎవరని అడుగుతారు పిల్లలు.
ఎవరూ కాదు, వాక్యానికి కర్త కావాలి కాబట్టి
ఊరికే నిలబెట్టారంటాను.
ఆ క్రియకు మా ఊళ్లో
రెండేళ్లుగా భూతకాలమే.

శనివారం ఉప్పు లారీ ఎక్కి దిగువకు పోయాను.
ఇంకా తెల్లారలేదు, అప్పుడే వీపు తడి.
నేలంతా తెలుపు, అంచు కనపడదు.
మా కొండ మనుషులు గుంజలతో
పెద్ద పెద్ద పెచ్చులు పెళ్లగిస్తున్నారు.
అఫార్ వాళ్లు గొంతుకూర్చుని
బాడిసతో చెక్కుతున్నారు.

హుమద్ తండ్రి యాయో నన్ను చూసి లేవలేదు.
చేతిలో పలక సగంలో ఉంది.
మా తగువు కొడుకు చెప్పినట్టున్నాడు.
నాలుగంచులూ సరిచేసి, పక్కన పేర్చి,
అప్పుడన్నాడు, నా భాషా తన భాషా కలిపేసి:

"అదిగో, అది ఉప్పు." బాడిస మైదానం వైపు తిరిగింది.
"దాన్నెవరు ఎంచుతారు లెతెకిదాన్ టీచరమ్మా,
దేవుడు కూడా ఎంచడు.
ఇవి మాత్రం..." పలకల మీద చెయ్యి వేశాడు,
"పొద్దుట్నుంచి నలభై ఒకటి.
బాడిస తగిలేదాకా అది.
తగిలాక ఇవి."

నా నోట్సులో ఇదే సూత్రం
పదకొండు వాక్యాలు, రెండు పట్టికలు.

ఒంటెకింతని పన్ను, పలకకింతని కూలి.
దారిలో విరిగితే అప్పు.
విరిగిన ముక్కల్ని ఎవరూ ఎంచరు,
అవి మళ్లీ లెక్కకు రాని నామవాచకంలో
కలిసిపోతాయి.

తిరుగు లారీలో గోతాల మీద కూర్చుని అనుకున్నాను:
పరీక్ష పేపరు అడిస్ నుంచి వస్తుంది.
దిద్దేవాడికి ఉప్పంటే
బల్ల మీద మూతకు చిల్లులున్న సీసా.
అక్కడ మచ్ ఒప్పు, మెనీ తప్పు.
నా పంతానికి మార్కు పోగొట్టుకునేది వాడు.

సోమవారం చెప్పాను, పరీక్షలో మచ్ రాయి,
సరస్సు దగ్గర నీ ఇష్టం.
తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు,
బేరంలో ఆఖరి ధర విన్నట్టు.
ఆ తర్వాతది న్యూస్. చివర ఎస్ ఉన్నా ఏకవచనమే అన్నాను.
రేడియోలో రోజూ ఒకటేగా, అంది మదీనా.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాత్రి కాగితాలు మళ్లీ ముందేసుకుని
ఎర్రగీత పక్కన పెన్సిల్‌తో
అర మార్కు వేశాను. మొత్తంలో కలపలేదు.

అట్టడుగున వాడు చిన్నక్షరాలతో
ఇంకోటి అడిగి ఉన్నాడు, మొన్న నా కంట పడనిది:
టీచర్, దాహానికి బహువచనం ఉందా?

లాంతరు దగ్గరికి జరుపుకుని
డిక్షనరీ తెరిచాను.