పదకొండో కుండీ

పదిహేడో అంతస్తులో పదకొండు కుండీలు.
పదింట్లో అరెకాలు మాడుకొస్తున్నాయి
బీడీ కాలినట్టు, కొస నుంచి లోపలికి,
తొందరేమీ లేకుండా.
మనామాలో బ్యాంకు అది. నేలంతా అద్దం.
నా చెప్పులకి నీలం సంచులు తొడిగించి లోపలికి పంపుతారు.

కుంజుమోన్ ఫోన్లోనే వైద్యం చెప్పేశాడు:
"నీళ్ళు చాలట్లేదు, పొయ్యి."
వారానికి: "ఎక్కువైనట్టున్నాయి, ఆపు."
ఆ పైవారం: "పీకేసి కొత్తవి పెట్టు, బిల్లు వాళ్ళదే."
చచ్చిన చెట్టుకి పద్దెనిమిది దినార్లు.
బతికిన చెట్టుకి నెలకి ఒకటిన్నర.
ఆ లెక్క నాకూ తెలుసు.

కడియంలో మా నూకయ్య మామ
రసీదు పుస్తకంలో "అరెకా పాము" అనే రాసేవాడు.
పాములు నలభై, నాగపూర్ లోడు.
చదువుకున్నవాళ్ళు నవ్వితే
కుండీని వేలి కణుపుతో కొట్టి చూపించేవాడు:
"కంగుమంటే దాహం. దబ్బుమంటే ముంపు.
ఏమీ అనకపోతే వేరునడుగు."

పదీ కొట్టాను. ఏ ఒక్కటీ ఏమీ అనలేదు.
ఆకు తిరగేసి తెల్లకాగితం మీద దులిపాను,
నల్లి ఉంటే చుక్కలు నడుస్తాయి. నడవలేదు.
ఏసీ గాలి ఎటు కొడుతోందో చూద్దామని
సిగరెట్టు కాగితం ఎత్తి పట్టుకుంటే
సెక్యూరిటీ కుర్రాడొచ్చి నా చెయ్యి చూసి వెళ్ళాడు.
గాలి తప్పు కొంత ఉంది. అంతా కాదు.
కిటికీ పక్కదీ మాడింది, తలుపు మూలదీ మాడింది.

అందరూ వెళ్ళాక ఒకదాన్ని ఊడదీశాను.
కుళ్ళు వాసన లేదు.
వేళ్ళ కొసలు మాత్రం ఆకుల కొసల రంగే.
కుండీ అంచు లోపల తెల్లగా పొక్కు.
సున్నమేమోనని నాలిక్కి తాకించాను.
ఉప్పు.

సముద్రాన్ని వడగట్టి తాగే ఊరు ఇది,
పాపం ఆ నీళ్ళు మరీ అంత చెడ్డవి కావు.
ఈ భవనం అడుగున ఇంకో మిషనుంది,
గొట్టాలకి పొర కట్టకుండా నీళ్ళని మెత్తబరుస్తుందట.
దాని మేత నెలకి ఆరు బస్తాల ఉప్పు.
గొట్టాలు బాగున్నాయి.

ఇంతకీ పదకొండోది
ప్యాంట్రీ వెనక, స్తంభం చాటున,
వెలుతురు సగమే పడే చోట
నిగనిగలాడుతోంది, కొత్త మొవ్వు ఈటెలా లేచి.
నేను చేసిందేం లేదు. నిజం చెప్పాలంటే
దాన్ని సగం వారాలు మర్చిపోయేవాణ్ణి.

సోమావతి కప్పులు కడుగుతోంది. గాల్ దగ్గర వాళ్ళది.
మా ఇద్దరికీ కలిసేది అరకొర హిందీ, అరబ్బీలో ఆరు మాటలు.
"దీనికి నువ్వేమైనా పోస్తున్నావా?"
భయపడింది. చేతులు తుడుచుకుని
స్తంభం వెనక బకెట్టు చూపించింది.
పైన ఏసీ గొట్టం కారుతోంది,
చెబితే ఎవరూ రాలేదు, బకెట్టు పెట్టింది,
నిండాక ఎత్తబోతే నడుం పట్టేసింది,
పక్కనే కుండీ ఉంది.
"తప్పా, అన్నా?"

వేలు ముంచి నాకాను. ఏ రుచీ లేదు.
ఆగస్టు గాలిలో వేలాడే ఉక్కపోతని
మిషను పిండి వదిలిన నీళ్ళు.
వాన మాత్రం ఇంతకన్నా ఏం చేస్తుంది?

క్యాంపులో చెబితే పై మంచం పోశెట్టి అన్నాడు:
"మన లెక్కనే రా, పరాయి నీళ్లు పడ్తలెవ్వు."
నేనొప్పుకోలేదు.
నాకు ఉప్పు పడుతుంది, ఎండుచేప లేందే ముద్ద దిగదు.
చెట్టు చెట్టే, నేను నేనే.
ఇప్పుడు కావాల్సింది డబ్బాలు.

డాబా మీద ఏసీ గొట్టాలన్నింటికీ కట్టాను.
అడుగు చిల్లుల్లోంచి ధార కట్టేదాకా పోసి,
ఆగి, మళ్ళీ పోసి, ఉప్పుని కిందికి దింపాలి.
కుంజుమోన్ కొత్త చెట్ల లిస్టు అడిగాడు.
"ఈ నెల లేదు" అన్నాను.
కాసేపు వాడి ఊపిరే వినబడింది.

మాడిన కొసలు కత్తిరిస్తున్నాను, ఏటవాలుగా,
పచ్చని తాకకుండా వెంట్రుకంత గోధుమరంగు వదిలి.
కాలిన మేర మళ్ళీ పచ్చబడదు,
మొవ్వు విచ్చుకునేదాకా మందు పనిచేసిందో లేదో తెలియదు.
బకెట్టు నేను మోస్తున్నాను,
సోమావతి టీ గ్లాసుతో ముంచి పోస్తోంది.
తొమ్మిదోది బతకదనుకుంటా.
దానికీ పోస్తున్నాం.