వాన కంటే ముందు

పంపు మూతికి జల్లెడ కట్టమంది లియోనోరా.
మామూలు జల్లెడ కాదు,
కన్ను చిటికెన వేలి గోట్లో సగం ఉండాలి.
తన గోరు చూపించి,
"ఇంతకంటే చిన్న పిల్లలున్నాయి ఈ నీళ్లలో" అంది.

కొండ అవతల అడవి మండి అది నాలుగో రోజు.
పట్టపగలే దీపాలు వేసుకుని
ఇరవైమందిమి గొడ్డళ్లు పట్టుకుని నిలబడితే
ఈమె గోరు చూపిస్తోంది.
తల తిప్పుకుని నవ్వాను.

అంతటితో ఊరుకోలేదు.
వేరే చెరువులో ముంచిన గొట్టం ఇందులో ముంచొద్దంది.
బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దమంది,
పై వాగు రోగం కింది వాగుకి మన కాళ్ల మీదే వస్తుందట.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ
ఈమె కాలు కడిగించాకే
మమ్మల్ని అడుసు తొక్కనిచ్చింది.

ఎర్రమందు చల్లే విమానం వస్తే
నా చేతిలో రేడియో లాక్కుంది.
"వాగుకి మూడొందల అడుగుల దూరం. ఇటూ, అటూ."
నిప్పుకి మందే, మొప్పలకి విషం.
పైలట్ ఏదో గొణిగాడు.
మళ్లీ చెప్పింది, ఎక్కం అప్పజెప్పినట్టు.
ఎర్రటి తెర గట్టు పైన వాలి
అక్కడే ఆగిపోయింది.

ఒక మోడు దగ్గర మాత్రం గట్టిగా పోట్లాడాను.
ఎండిన పైన్ మాను, ఎప్పుడు ఎవడి నెత్తిన పడుతుందో తెలీదు.
రంపం ఎత్తాను.
తొర్రలో గుడ్లగూబ పిల్లలు, మూడు.
మూడూ నా వైపే తిరిగాయి,
అప్పిచ్చినవాడిని చూసినట్టు.
కందకం నలభై అడుగులు వంకర తవ్వాం.
నడుములు పోయాయి.

ఆరో రోజుకి మంట నెమ్మదించింది.
గడ్డి నాకి, మొదళ్లు నల్లబరిచి, పక్కనుంచి వెళ్లిపోయింది.
వాగు చల్లగానే ఉంది.
గెలిచాం అన్నాను.
ఆమె పడమటి వైపు చూస్తోంది,
అక్కడొక మబ్బు, గొర్రెపిల్లంత.

"నీళ్లలో ఉన్నదాన్ని నిప్పేం చేస్తుంది ఎఫ్రెన్?
చంపేది వాన."

బూడిదలో పోసిన పన్నీరైతే వృథా, అంతే.
బూడిదలో పోసిన వాన ఊరికే పోదు.
కొండ కొండంతా కడుక్కుని నల్లటి జావై దిగుతుంది.
నోట్లో మట్టి కొట్టడమంటే
మాటవరస అనుకున్నాను ఇన్నాళ్లూ.

మా తాత శాన్ ఇసిద్రో బొమ్మని
జొన్నచేల గట్ల మీద మోసుకు తిరిగేవాడు,
వాన ఇప్పించమని.
ఆ రాత్రి నేను అదే సాధువుని
రెండు రోజులు ఆపమని అడిగాను.
తాత వింటే చెవి మెలేసేవాడు.

తెల్లారి వీపున బ్యాటరీ కట్టుకుని ఆమె వాగులో దిగింది.
కరెంటు తగిలి ఒక్కొక్కటే పక్కకి ఒరిగి తేలాయి,
పసుపు పొట్టలు, ఒళ్లంతా మిరియాలు చల్లినట్టు.
ఈ జాతికి ఇదొక్కటే వాగు.
వలతో తీశాం, ఉప్పు కలిపిన చల్లనీళ్లలో వేశాం,
కంచరగాడిదల వీపున పీపాలెత్తాం.
సెబోయా అనే ముసలిది అడుగడుక్కీ మొరాయించేది,
ఆ రోజు మాత్రం తొమ్మిది గంటలు
నిండు కుండలా నడిచింది.

నూట ఎనభై ఆరు బయల్దేరాయి.
దారిలో పదకొండు పోయాయి.
ప్రతిదాని పొడవూ కొలిచి రాసుకుంది.
వాగులో పట్టుబడనివి ఎన్నో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

వాన మర్నాడు మధ్యాహ్నం వచ్చింది.
మంచి వాన.

వారం తర్వాత ఇద్దరం మళ్లీ ఎక్కాం, నీళ్ల సీసా నింపి పంపాలని.
వాగు తడి సిమెంటు రంగులో ఉంది.
ఈగ లేదు, పురుగు లేదు.
మోడు మాత్రం నిలబడే ఉంది, తొర్ర ఖాళీ,
ఎగిరాయో లేదో.

నేను దిగబోయాను.
వెనక బరబరమని చప్పుడు.
రాయి మీద కూర్చుని
ఒక్క చేపా లేని ఆ వాగులో కాలు పెట్టేముందు
లియోనోరా బూట్లు రుద్దుకుంటోంది.

వెనక్కొచ్చి పక్కన కూర్చున్నాను.
సంచిలో నా బ్రష్షు ఎక్కడుందో వెతుక్కున్నాను.