రెండోసారి వెల

టాంపెరేలో మంచు మోకాళ్ళ దాకా.
కార్డుల కొట్లో హీటరు మీద
తడి చేతితొడుగులు ఆవిరి కక్కుతున్నాయి.
"బల్లంతా ఊడ్చేశావుగా,
వాడేసిన ముక్క వంక ఇంకా చూస్తావేం?"
అంది సానెల్మా. ట్రాము నడిపి రిటైరైన మనిషి,
ఆటకొచ్చి మూడు శుక్రవారాలే.

టూక్కా తన శ్మశానాన్ని విసనకర్రలా విప్పాడు.
"చేతిలోంచి వేస్తే దీని ధర రెండు.
ఇక్కణ్ణుంచి లేపితే ఐదు.
లేచి, పని చేసి, ఆట బయటికి పోతుంది.
ఇంక శ్మశానం కూడా చోటివ్వదు."
"మధ్యలో నేను అడ్డుకుంటే?"
"అప్పుడూ అంతే. కట్టిన వెల వెనక్కి రాదు."

అతని భూములు లెక్కపెట్టింది. ఐదు.
ఈ వంతులో లేపుతాడనుకుంది, లేపలేదు.
పై వంతులోనూ లేపలేదు.
జడిసి, తన రాక్షసుల్ని
ఒక్కొక్కణ్ణే బయటికి పంపింది.
మిగతావాళ్ళు గుప్పిట్లోనే చెమటపట్టారు.

గెలిచింది టూక్కాయే.
ముక్కలు సర్దుతుంటే చూసింది,
అది అక్కడే ఉంది, వెల్లకిలా,
ఎవరూ లేపకుండానే
సాయంత్రమంతా పని చేసి.

"మరి ఇది చచ్చిందెప్పుడట?"
అంటూ తొడుగులు తడిమింది.
ఇంకా ఆరలేదు.