గ్యాప్ అఫిడవిట్

గద్వాల కోర్టు గేటు పక్కన నా టైపు డబ్బా.
పాత ఫైలు తెరిచి పేరు మారిస్తే సాలు:
"...అను నేను ప్రమాణపూర్వకంగా..."

పేరు?
జములమ్మ. డిగ్రీ బీజెడ్‌సీ.
పీజీ సీటొచ్చింది, జెనెటిక్స్‌ల.
నడుమ నాలుగేండ్లు ఖాళీ. కారణం రాయాలె.

"ఇంటి పరిస్థితులు" అని కొడ్తున్న, అందరికీ అదే.
తలూపింది.

ఊకె అడిగిన: ఏం జేసినవ్ మరి?

సీడు పత్తిల క్రాసింగ్, సార్.
మాపటికి ఆడమొగ్గ గిచ్చి ఎర్రకాయిదం తొడుగుడు,
తెల్లారి మగపువ్వు తెంపుకొచ్చి అద్దుడు.
ఒక్క మగపువ్వు ఐదు మొగ్గలకొస్తది.
వానొస్తే ఆ పొద్దు కూలి లేదు.
ఏ సాలుల ఎన్ని కాయలు నిలిచినయో
నోటుబుక్కుల రాసిపెట్టుకున్న,
ఎవరూ అడగలే గని.

అప్పటికే నా వేళ్లు అలవాటుకొద్దీ
తర్వాతి వాక్యం కొట్టేసినయి:
"సదరు కాలంలో నేను ఎక్కడా
ఎట్టి విద్యాభ్యాసమూ చేయలేదు."

కర్సరు మిణుకుమిణుకుమంటున్నది.
తీసేస్తే యూనివర్సిటీ ఒప్పుకోదు.
ఉంచిన.

నోటరీ ముద్ర తడి ఆరలే.
మడత పెట్టకు బిడ్డా,
స్కానింగుల గీత పడ్తదన్న.

పూరెక్కను పట్టినట్టు
రెండు వేళ్లతో పట్టుకొని
ఐజ బస్సు దిక్కు నడిచింది.