పేజీకి రూపాయి

అశోక్‌నగర్ల మా జిరాక్సు దుకాణానికి
నాటకాలు గూడ వస్తయి.
గ్రూప్ వన్ నోట్సుల నడుమ,
ఆధార్ కార్డుల నడుమ,
పెండ్లి సంబంధాల బయోడేటాల నడుమ
పదకొండు పేజీల నాటకమొకటి
చప్పుడు చెయ్యకుంట లైన్ల నిలవడ్తది.

తెచ్చేది నీరజాక్షి మేడం.
మేడం అంటె ఇరవై తొమ్మిదేండ్లుంటయేమో,
హిమాయత్‌నగర్ల ఏదో బ్యాంకుల కొలువు.
"నాలుగు సెట్లు, ఒక్క దిక్కే కొట్టన్నా" అంటది.
వెనుక తెల్లగుండాల్నట,
యాక్టర్లు ఆ తెల్లటి మీద
తమకు మాత్రమే అర్థమయ్యేది రాసుకుంటరట.

కట్ట వరుసగ బయటికి రావాలంటె
నేను ఆఖరి పేజీ ముందు పెట్టాలె.
అందుకే నాకు ప్రతి నాటకం
ఎన్కనుంచి ముందుకు నడుస్తది:
ముందుగాల ఏడ్పు,
తర్వాత దెబ్బ,
అన్నిటికన్న చివరన
"తలుపు తోసుకొని లోపలికి వచ్చును."

ఒక పేజీల ఐదుసార్లున్నది: (మౌనం)
కింద మల్ల (మౌనం)
సగం పేజీ ఖాళీ.
ఏమీ మాట్లాడనందుకు గూడ
రూపాయి తీస్కునుడు సిగ్గనిపించింది.
తీస్కున్న.

ఒకసారి నలభై నాలుగుకు ముప్పై ఇచ్చి
"మిగతాదానికి ఆదివారం నాటకానికి రా" అన్నది.
బాకీ వసూలుకు పొయినట్టే పొయిన.

కాచిగూడల, కుట్టుమిషన్ల రిపేరు షాపు మీద
ఒక అర్ర. గోడలకు నల్లగుడ్డ.
నలభై ప్లాస్టిక్ కుర్చీలు, అండ్ల రెండు విరిగినయి.
ఫ్యాను బందు వెట్టిన్రు, చప్పుడైతదని.
రాసినోళ్లు ముగ్గురు వెనుక గోడకు ఆనుకొని
రిజల్టు కోసం నిలవడ్డ పోరగాండ్ల లెక్క
గోర్లు కొరుక్కుంట ఉన్నరు.

బల్బు వెలిగింది.
బల్బు కింద స్టూలు.
స్టూలు పక్కన బాలనర్సు,
పగలు జలమండలిల మీటర్లు చూస్తడు,
ఇప్పుడు పాత ఆఫీసుల లిఫ్టు నడిపే ముసలాయన.

లిఫ్టు లేదు. ఉన్నదంటె ఉన్నది.
"ఏ అంతస్తు సార్?" అంటడు ఖాళీని,
ఖాళీ చెప్తది, చెయ్యి తిప్పుతడు.
ఒకటి, రెండు, మూడు, ఐదు.
నాలుగు పేరెత్తడు.
నాలుగుల ఏమైందో
పదకొండో పేజీ చదివిన నాకు ముందే తెలుసు.
తెలిసినోన్ని గూడ
అంతస్తు అంతస్తుకు గొంతు పట్టుకొని ఎక్కించిండు.

ఇగ ఆ పేజీ వచ్చింది.
చెయ్యి గాలిల ఆగింది.
స్టేషన్ల రైలు కూత వెట్టింది;
ఆయన కదల్లే,
రైలు గూడ మేడం రాసిందే అన్నట్టు
పొయ్యేదాక చెవి వెట్టి విన్నడు.
నా ముందు కుర్చీల పెద్దామె
సంచిల చెయ్యి పెట్టి ఎందుకో మర్శిపొయింది.
మౌనాలు లెక్కవెట్టిన.
ఐదూ వేరు వేరు.

రెండో నాటకం నాకు నచ్చలే.
గొడుగు కింద ఇద్దరు పిల్లలు,
వాన కన్న మాటలెక్కువ.

మూడోది ఏడే నిమిషాలు, ఉర్దూల.
షేర్వాణీలు కుట్టే దర్జీ
పాత కొలతల పుస్తకం చదువుతడు, గంతె.
అన్నీ ఒక్క దోస్తువే, ఏడాదికొకటి.
భుజం పదిహేడున్నర.
నడుము ముప్పై ఆరు.
నడుము ముప్పై నాలుగు.
నడుము ఇరవై తొమ్మిది.
జబ్బు అన్న మాటే లేదండ్ల.
ఆఖరుకు టేపు చుట్టి జేబుల వెట్టుకున్నడు.
చప్పట్లు కొట్టాల్నని
ఎవ్వరికీ యాదికి రాలే.

మెట్లు దిగుతుంటె మేడం అడిగింది:
"పద్నాలుగు రూపాయలు తీరినయా అన్నా?"
నేను నా జేబులే దేవులాడుకున్న.

ఇప్పుడు నాటకమొస్తె మొదటి పేజీయే ముందు పెడ్త.
కట్ట తలకిందులైతది,
మల్ల ఒక్కొక్కటి చేత్తోని సదురుకుంట కూసుంట.
హాల్ టికెట్ పట్టుకొని పోరడొకడు తొందర వెడ్తడు.
ఆగు తమ్మీ, అంట,
తలుపు అవతల ఆయన
ఇంకా నిలవడే ఉన్నడు.