ఆటు వైపు, పోటు వైపు

పోర్టు ఆఫీసులో ఆటుపోట్ల పట్టిక రాసే
సన్యాసిపాత్రుడు
ఒక సాయంత్రం లెక్క తప్పాడు.
తప్పిన చోట కొట్టెయ్యకుండా
ఇంకో చంద్రుణ్ణి వేశాడు.

ఇద్దరు చంద్రులున్న సముద్రానికి
పోటు ఎప్పుడొస్తుంది?
నలభై ఒక్క ఏళ్లకోసారి, అని తేలింది.
అప్పటిదాకా ఓడ?
బయట, చీకట్లో, లంగరేసి.
రేవులో ఎవరు?
దీపం కాసే ఒక గుంట.
అంతే ఆల్బం. తొమ్మిది పాటలు.
కేసెట్టుకి ఒక వైపు ఆటు, ఒక వైపు పోటు.

అల్లిపురంలో మా మావయ్య రేడియో రిపేరు కొట్టు,
పైన రేకుల గది.
గోడలకి గుడ్ల అట్టలు, కిటికీకి తడిపిన గోనె.
షిప్‌యార్డు వెల్డరు కోదండం
విరిగిన ప్రొపెల్లరు ముక్కొకటి రిక్షాలో తెచ్చాడు.
సుత్తికి గుడ్డ చుట్టి కొడితే
నిద్దట్లో ఒక గ్రహం అటు తిరిగి పడుకున్నట్టు మోగేది.
సోల్జర్‌పేట చర్చిలో ఆర్గన్ వాయించే సుహాసిని
చెప్పులు విప్పి పాడేది.
ఖనిజం రైలు వెళ్లినప్పుడల్లా ఆగేవాళ్లం,
తర్వాత ఆగడం మానేశాం.
ఐదో పాటలో మీరు ఉల్కలనుకునేవి
ఆ వేగన్లే.

నాకు పద్నాలుగు. ఎర్ర మీట నొక్కడం నా పని.
"బేగి నొక్కరా గుంటడా" అనేవాడు పాత్రుడు,
ఆ ఓడ నా వల్లే ఆలస్యమవుతున్నట్టు.

ఎనిమిదో పాట. ఓడ కదలాలి.
సుహాసిని "రా" అని ఎత్తుకుంది.
కరెంటు పోయింది.
టేపు నడక మందగించి ఆగింది.
తిరిగి వేసి వింటే అంతా తలకిందులు:
ఆమె గొంతు ఈలై పైకి, ఇంకా పైకి,
కుక్కలు చెవులు రిక్కించేంత పైకెళ్లి
తెగిపోయింది.
మళ్లీ పాడిద్దామన్నాడు కోదండం.
కొత్త టేపుకి డబ్బుల్లేవు. తెల్లారితే ఆమెకి పరీక్ష.
పాత్రుడు మాత్రం కళ్లు మూసుకుని
"ఎల్లిపోనాది" అన్నాడు.

రెండొందల కేసెట్లు. అమ్మినవి ముప్పైలోపే.
పూర్ణా మార్కెట్లో ఒకాయన కొన్నిటిని చవగ్గా కొని
వాటి మీద భక్తిపాటలు ఎక్కించాడు.
కొన్ని ఇళ్లలో మంగళహారతి అయ్యాక,
ఇంక ఏమీ లేదనుకున్న చోట,
ప్రొపెల్లరు ఒక్కసారి మోగుతుందట.
మిగతావి తుపానులో తడిసి
అటక మీద నాచులా విచ్చుకున్నాయి.

మొన్న మద్దిలపాలెంలో ఒక మేడ మీద
పిల్లలు ఆ తొమ్మిదీ వాయించారు.
తోయజ అనే అమ్మాయి ఆ ఈలని నోటితో పలికించడానికి
ఏడు నెలలు సాధన చేసిందట.
"అంత విడుదల ఎలా ఊహించారు సార్?"
"మా గది పక్కనే ట్రాన్స్‌ఫార్మరు ఉండేదమ్మా" అన్నాను.
చాలా లోతైన మాట అన్నట్టు
పుస్తకంలో రాసుకుంది.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరు.
మోకు విప్పుతూ బోటు కుర్రాడొకడు
అదే ఈల, పైకి, ఇంకా పైకి, తెగేదాకా.
"ఏ పాటరా అది?"
"పాట కాదండి. మా అయ్య ఇలాగే ఏసీవోడు,
బోటు తీసినప్పుడు."

డీజిలు పొగలో బోటు కదిలింది.
వేళ్ల మీద లెక్కేసుకున్నాను:
పాత్రుడి పట్టిక ప్రకారం
ఇంకా రెండేళ్లుంది.